ఇటలీలో తాగిన ఎర్ర వైన్‌ను బల్లార్షాలో కూర్చుని వెతికి పట్టుకోవడం ఎలా

ఇటలీ వెళ్ళొచ్చినవాళ్ళు తరచుగా చెప్పే మాట ఒకటుంది. "ఒక చిన్న ఊళ్ళో ఎర్ర వైన్ తాగాం. అలాంటిది మళ్ళీ దొరకలేదు. పేరు మాత్రం గుర్తు లేదు." ఈ వ్యాసం వాళ్ళ కోసమే. మరీ ముఖ్యంగా మహారాష్ట్ర అంచున చంద్రపూర్, బల్లార్షా, రాజురా, సిరోంచ వైపు ఉండే మన తెలుగువాళ్ళ కోసం. మనకు ముంబయి దూరం, హైదరాబాద్ వేరే రాష్ట్రం, పక్క జిల్లాల్లో మద్యనిషేధం. అయినా ఓపిక ఉంటే ఆ సీసా దొరుకుతుంది. నాకు దొరికింది, కాకపోతే పదిహేను నెలలు పట్టింది. ఏ పని ముందు చేయాలో తెలిసి ఉంటే అందులో సగం కాలం కలిసి వచ్చేది.

ముందు పేరు తేల్చుకోండి

మా అబ్బాయి తూరిన్‌లో చదువుతున్నప్పుడు, ఒక అక్టోబరులో నేనూ మా ఆవిడా వెళ్ళాం. ఆదివారం నాడు మమ్మల్ని కాస్తాన్యోలే మోన్‌ఫెర్రాతో అనే కొండ మీది పల్లెకు తీసుకెళ్ళాడు. భోజనశాలలో గ్లాసులో పోసిన వైన్ పలచటి దానిమ్మ రసం రంగులో ఉంది. ముక్కు దగ్గరకు తెచ్చుకోగానే దేశవాళీ గులాబీ వాసన, దాని వెనక మిరియాల ఘాటు. మా ఆవిడ తాగదు. వాసన మాత్రం చూసి "ఇది గుల్కందే" అంది. నేను ఫోనుతో సీసా ముందు భాగాన్ని ఒక్కసారి ఫొటో తీసి జేబులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే అందులో పెద్ద అక్షరాలతో ఉన్న ఒక ముద్దు పేరు, దాని కింద ద్రాక్షతీగ బొమ్మ తప్ప ఏమీ స్పష్టంగా లేదు.

కాబట్టి ఇంకా ప్రయాణంలోనే ఉన్నవాళ్ళు సీసాకు నాలుగు ఫొటోలు తీయండి. ముందు లేబుల్, వెనక లేబుల్, మెడ మీద అంటించిన సన్నని కాగితపు పట్టీ, కార్క్. వీటిలో వెనక లేబుల్‌దే అసలు విలువ. సన్నని అక్షరాల్లో "ఇంబొత్తిల్యాతో ఆల్లోరిజినే దా" అనే మాటలు ఉంటాయి. పండించిన చోటే సీసాలో నింపినది అని వాటి అర్థం. ఆ తర్వాత వచ్చేది తయారీదారు పేరు, ఊరు, ఆ పక్కనే రెండక్షరాల జిల్లా గుర్తు. ఏటీ అంటే ఆస్తి అనే జిల్లా, సీఎన్ అంటే కూనియో, ఏఎన్ అంటే అంకోనా, ఎస్‌ఐ అంటే సియేనా, యూడీ అంటే ఊదినే. నా మసక ఫొటోను పెద్దది చేసి చూస్తే ఒక అంచున ఆ ఏటీ అనే రెండక్షరాలు కనిపించాయి. నా వెతుకులాట అక్కడ మొదలైంది.

మెడ మీది పట్టీని కూడా వదలకండి. డి.ఓ.సి.జి. అనే అత్యున్నత శ్రేణి వైన్‌లకు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చైన, వరుస సంఖ్య ఉన్న పట్టీ ఉండి తీరాలి. ఏ ప్రాంతపు పేరుతో అమ్ముతున్నారో దాన్ని బట్టి తెలుస్తుంది. 2023 డిసెంబరు 8 తర్వాత తయారైన వైన్‌లకు పోషక విలువలు, దినుసుల వివరాలు తప్పనిసరి అని ఐరోపా సమాఖ్య నియమం పెట్టింది. అందుకే కొత్త సీసాల మీద చాలావరకు క్యూఆర్ కోడ్ ఉంటోంది. దాన్ని స్పష్టంగా ఫొటో తీసుకుంటే ఇంటికొచ్చాక కూడా స్కాన్ చేయవచ్చు.

ఇప్పటికే తిరిగి వచ్చేసి, చేతిలో ఫొటో లేనివాళ్ళు నిరాశ పడనక్కర్లేదు. ఫోనులో చెల్లింపుల చరిత్ర తెరవండి, ఆ రోజు తిన్న చోటు పేరు దొరుకుతుంది. ఆ భోజనశాలకు రాయండి. తేదీ, తిన్న వంటకం, వైన్ రంగు చెబితే చాలు, చిన్న ఊళ్ళలో పోసేది రెండు మూడు రకాలే కాబట్టి వాళ్ళు తేలిగ్గా గుర్తుపడతారు. నాకు సీసా మీది ముద్దు పేరు వెనక ఉన్న అసలు పేరు చెప్పింది అలాంటి జవాబే. ఆ వైన్ రుకే ది కాస్తాన్యోలే మోన్‌ఫెర్రాతో. ఆస్తి జిల్లాలోని ఏడు గ్రామాల్లో మాత్రమే ఈ పేరుతో చేసే వైన్ అది. రుకే ద్రాక్ష ఒకప్పుడు పెరటి తీగగా మిగిలిపోయే దశకు వచ్చిందట. ఆ ఊరి చర్చి పాదిరీ దోన్ జాకొమో కావుదా చర్చి పొలంలో దాన్ని మళ్ళీ పెంచి, విడిగా సీసాల్లో నింపి నిలబెట్టాడు. 2010లో దానికి డి.ఓ.సి.జి. హోదా దక్కింది.

ఒకే పేరు, వేర్వేరు వైన్‌లు

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇటలీ లేబుల్ మీద కొన్నిసార్లు ద్రాక్ష పేరు ఉంటుంది, కొన్నిసార్లు ఊరి పేరు, కొన్నిసార్లు రెండూ. మోంతెపుల్చానో దాబ్రూత్సో అంటే అబ్రూత్సో ప్రాంతంలో పండిన మోంతెపుల్చానో అనే ద్రాక్ష. వీనో నోబిలే ది మోంతెపుల్చానో అంటే టస్కనీలోని మోంతెపుల్చానో అనే ఊరి వైన్. దాన్ని చేసేది ప్రధానంగా సాంజోవేసే ద్రాక్షతో. రెండింటికీ సంబంధం లేదు, రుచీ వేరే. "మోంతెపుల్చానో తాగాను" అని దుకాణంలో అడిగితే, తక్కువ ధరకు తేలిగ్గా దొరికే మొదటిదాన్నే చేతిలో పెడతారు.

లాక్రిమా ది మొర్రో దాల్బా ఇంకా చిక్కు పెడుతుంది. ఆల్బా అనగానే తూరిన్ ఉన్న పియెమోంతే ప్రాంతంలోని ప్రసిద్ధ పట్టణం గుర్తొస్తుంది. కానీ ఈ మొర్రో దాల్బా మార్కే ప్రాంతంలో, అంకోనా జిల్లాలోని వేరే ఊరు. లాక్రిమా అంటే కన్నీటి బొట్టు. పండినప్పుడు ఈ ద్రాక్ష తొక్క చిట్లి రసం బొట్లు బొట్లుగా కారుతుంది కనుక ఆ పేరు. వెసూవియో అగ్నిపర్వతం దగ్గర చేసే లాక్రిమా క్రిస్తితో దీనికి ఏ చుట్టరికమూ లేదు.

దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది, ఒకే ద్రాక్షకు ఊరికో పేరు. మనం పుంటికూర అనేదాన్ని కోస్తాలో గోంగూర అంటారు, బల్లార్షా సంతలో అంబాడీ అని అడిగితే ఇస్తారు. నెబ్బియోలో ద్రాక్షదీ అదే కథ. వాల్తెల్లీనా లోయలో దాన్ని క్యావెన్నాస్కా అంటారు, గత్తినారా వైపు స్పాన్నా అంటారు. సార్డీనియాలో కన్నోనావ్ అని పిలిచేది, ఫ్రాన్సులో గ్రెనాష్ అనేది ఒకటే. నేపుల్స్ చుట్టుపక్కల ప్యేదిరోస్సోను పావురం కాలు అనే అర్థంలో పేరె పలుమ్మో అంటారు, దాని తొడిమ ఎర్రగా ఉంటుంది కనుక. మీరు ఒక పేరుతో వెతికితే దొరకని సీసా రెండో పేరు కింద దొరకవచ్చు. జర్మనీలోని ఒక ద్రాక్ష పరిశోధన సంస్థ నడిపే వీఐవీసీ అనే ఉచిత జాబితాలో ఏ ద్రాక్ష పేరు కొట్టినా దాని మారుపేర్లన్నీ వస్తాయి. వెతికే ముందు అక్కడ ఒక పది నిమిషాలు గడపండి.

ఇటాలియన్ మాటలు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి కాబట్టి తెలుగులో రాసుకోవడం హాయిగా ఉంటుంది. కానీ వెతికేటప్పుడు వాళ్ళ అక్షరక్రమమే కావాలి. "రుకే"లో "కే" శబ్దాన్ని వాళ్ళు సీ, హెచ్ కలిపి రాస్తారు. "రోస్సో"లో ఎస్ రెండుసార్లు వస్తుంది. చెవికి వినిపించినట్టు టైపు చేస్తే ఏమీ రాదు.

వెతకడం

వైన్ సెర్చర్ అనే వెబ్‌సైటులో తయారీదారు పేరు, వైన్ పేరు, సంవత్సరం కొట్టండి. ప్రపంచంలో ఏ దేశపు దుకాణంలో ఎంత ధరకు ఉందో చూపిస్తుంది. మొదట భారతదేశం ఎంచుకోండి. చిన్న తయారీదారుల విషయంలో అది దాదాపు ఖాళీగానే వస్తుంది, దిగులు పడకండి. తర్వాత జర్మనీ, ఇంగ్లండ్, సింగపూర్, దుబాయ్, అమెరికా చూడండి. మన బంధువులు ఉండే దేశాలు అవే. వివినో అనే యాప్ లేబుల్ ఫొటోను బట్టి వైన్‌ను గుర్తుపడుతుంది. మసక ఫొటోను కూడా చాలాసార్లు పట్టుకుంటుంది. అందులో జనం ఇచ్చే చుక్కల మార్కులను మాత్రం నేను లెక్కలోకి తీసుకోను. అరుదైన వైన్‌కు ఇచ్చేవాళ్ళే పదిమంది ఉంటారు.

ప్రతి ప్రసిద్ధ వైన్ ప్రాంతానికీ కొన్సోర్త్సియో అనే తయారీదారుల సంఘం ఉంటుంది. తమ సభ్యుల చిరునామాలు, ఈ-మెయిళ్ళు చాలా సంఘాలు తమ వెబ్‌సైట్లలో పెడతాయి. మీ దగ్గర ఊరి పేరు మాత్రమే ఉంటే ఆ జాబితాలో ఆ ఊరివాళ్ళు ఎంతమందో చూడండి. నా విషయంలో ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళ లేబుళ్ళన్నీ ఒక్కొక్కటిగా చూసి, తీగ బొమ్మతో పోల్చుకుని తయారీదారును పట్టుకున్నాను.

తయారీదారుకే రాయండి

చాలామంది సంకోచించే పని ఇది. నా అనుభవంలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. ఇటలీలో చిన్న తోటల వెనక ఉండేది ఒక కుటుంబం. తమ వైన్ తాగి, దాన్ని వెతుక్కుంటూ బొగ్గు గనుల ఊరి నుంచి ఒక మనిషి రాశాడంటే వాళ్ళు సంతోషిస్తారు. ఉత్తరం చిన్నదిగా ఉండాలి. ఎప్పుడు, ఎక్కడ తాగారు, ఏ సంవత్సరపు సీసా, ఎన్ని సీసాలు కావాలి రాయండి. భారతదేశానికి మీ వైన్ ఎవరు దిగుమతి చేస్తారు, ఎవరూ లేకపోతే దుబాయ్‌లో గానీ జర్మనీలో గానీ ఎవరు అమ్ముతారు అని అడగండి. తేలిక ఇంగ్లీషులో రాసి, దాని కింద యంత్రానువాదంతో ఇటాలియన్‌లోనూ పెట్టండి. ఫొటో జతచేయడం మరవకండి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రాయకండి. అప్పుడు వాళ్ళు ద్రాక్ష కోతల్లో ఉంటారు, జవాబు రాదు.

నాకు జవాబు వచ్చింది. భారత్‌లో దిగుమతిదారు లేరు, నేను తాగిన సంవత్సరపు సరుకు అయిపోయింది, తర్వాతి సంవత్సరపుది మ్యూనిక్‌లోని ఒక దుకాణంలో ఉంది అని. పాత సంవత్సరమే కావాలని పట్టు పట్టకండి. రుకేలాంటివి లేతగా ఉన్నప్పుడే తాగే వైన్‌లు. తర్వాతి ఏడాదిది కొంచెం తేడాగా ఉన్నా అదే చేతి పని.

"పార్శిల్ పంపగలరా" అని మాత్రం అడగకండి. మన దేశానికి వైన్ తపాలాలో తెప్పించుకునే వస్తువు కాదు. దిగుమతికి లైసెన్సు, ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతులు ఉండాలి. డబ్బు పంపితే సీసా కస్టమ్స్ దగ్గరే ఆగిపోతుంది.

మన దగ్గర దొరుకుతుందా

దిగుమతిదారు ఉన్నాడని తెలిస్తే పని సగం అయినట్టే. ఏళ్ళ తరబడి దిగుమతి వైన్ మీద కస్టమ్స్ భారం 150 శాతంగా ఉంటూ వచ్చింది. దాని మీద రాష్ట్రం పన్నులు. అందువల్ల తూరిన్‌లో పన్నెండు యూరోలకు కొన్నది ఇక్కడ అంతకు ఎన్నో రెట్లవుతుంది. ఈ లెక్క ముందే తెలుసుకుని దిగండి. ఇంకో సంగతి, ప్రతి రాష్ట్రంలోనూ ప్రతి లేబుల్‌ను విడిగా నమోదు చేయించాలి. హైదరాబాద్‌లో టోకు సరఫరా అంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారానే. కాబట్టి మంచిర్యాల, హైదరాబాద్‌లలో ఉన్నది మనకు ఉండాలని లేదు, ముంబయిలో ఉన్నది అక్కడ ఉండాలనీ లేదు. మహారాష్ట్రలో నమోదైతే నాగపూర్ వరకు, అక్కడి నుంచి చంద్రపూర్ వరకు తెప్పించే దారి ఉంది.

మన ఊళ్ళలో వైన్ షాపు అని బోర్డున్న చోట అమ్మేది ఎక్కువగా విస్కీ, బ్రాందీ, బీరు. అయినా యజమానితో మాట్లాడండి. ఆయనకు ఇవ్వాల్సినవి రెండు, కాగితం మీద అచ్చు వేయించిన లేబుల్ ఫొటో, దిగుమతిదారు పేరు. ఆ దిగుమతిదారు పేరు నాగపూర్‌లోని పెద్ద హోటల్‌లో ఇటలీ వైన్ సీసా వెనక భాగం చూసినా తెలుస్తుంది. భారత్‌లో చట్టబద్ధంగా అమ్మే ప్రతి విదేశీ సీసా మీదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, ఆరోగ్య హెచ్చరిక ఉండాలి. ఒక్క సీసా కోసం సరఫరాదారు కదలడు, ఆరు సీసాల పెట్టె అడుగుతాడు. నలుగురు మిత్రులు కలిసి పెట్టె తీసుకోండి. వెనక ఆ చీటీ లేని సీసాను వాట్సాప్‌లో ఎవరు ఎంత చవకగా ఇస్తామన్నా కొనకండి. అది దొంగ సరుకైనా కావాలి, కల్తీదైనా కావాలి.

బంధువుల చేత తెప్పించుకుంటే

విదేశాల నుంచి వచ్చే ఒక్కో ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది 2 లీటర్లు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, పైగా ఒక అర సీసా. అంతకు మించితే రెడ్ ఛానల్‌లో చెప్పి సుంకం కట్టాలి. ఊళ్ళో కొన్న సీసాను చేతి సంచిలో విమానంలోకి తీసుకెళ్ళనివ్వరు, పెద్ద పెట్టెలోనే పెట్టాలి. ఒక్కో సీసా కిలోంబావు దాకా బరువు ఉంటుంది, ఆ లెక్క చూసుకోమని చెప్పండి. మందపాటి సాక్సు ఒకటి తొడిగి, ప్లాస్టిక్ కవరులో కట్టి, పెట్టె మధ్యలో బట్టల నడుమ పెడితే పగలదు. అంచుల దగ్గర పెడితే పగులుతుంది. బిల్లు ఫొటో తీసి మీకు పంపమనండి.

మన జిల్లాల చట్టం

దీన్ని తేలికగా తీసుకోవద్దు. చంద్రపూర్ జిల్లాలో 2015లో పెట్టిన మద్యనిషేధాన్ని 2021లో ఎత్తేశారు. గడ్చిరోలిలో 1993 నుంచి ఉన్న నిషేధం అలాగే ఉంది. వర్ధా కూడా నిషేధం ఉన్న జిల్లాయే. నాగపూర్ నుంచి మన ఊరికి వచ్చే రైలు సేవాగ్రామ్, హింగన్‌ఘాట్ మీదుగా వస్తుంది. కారులో వస్తే జామ్ చౌరస్తా తగులుతుంది. ఇవన్నీ వర్ధా జిల్లాలోనివే. హైదరాబాద్ విమానాశ్రయం నుంచి కాగజ్‌నగర్ మీదుగా వచ్చే దారిలో వర్ధా రాదు గానీ, రాష్ట్ర సరిహద్దు దాటాలి. ఏ దారి ఎంచుకున్నా ముందుగా చంద్రపూర్‌లోని రాష్ట్ర ఎక్సైజ్ కార్యాలయానికి వెళ్ళి, ఎన్ని సీసాలు, ఎక్కడి నుంచి ఎక్కడికి అని చెప్పి ఏ అనుమతి కావాలో అడగండి. మహారాష్ట్రలో మద్యం కొనడానికీ, దగ్గర ఉంచుకోవడానికీ పర్మిట్ ఉండాలి. ఒక రోజుది, ఏడాదిది, జీవితకాలానిది ఉంటాయి. ఈ పనిలో దిగేవాళ్ళు ఏడాదిదైనా తీసుకోవడం మేలు. సిరోంచలో ఉండే మిత్రులకు నా మాట, సీసాను మీ ఊరికి తెప్పించుకోవద్దు. తాగాలనిపిస్తే బల్లార్షా రండి.

ఎండ

పదిహేను నెలల వెతుకులాటలో నాకు కలిగిన పెద్ద నష్టం ఎండ వల్లే. మొదటి సీసా మే నెలలో వచ్చింది. స్టేషన్ నుంచి తెచ్చిన కారులో మధ్యాహ్నం రెండు గంటలు వదిలేశాను. సాయంత్రం చూస్తే కార్క్ మూతి నుంచి అర అంగుళం పైకి లేచి ఉంది, రేకు కింద జిగట. తెరిస్తే గులాబీ లేదు, ఉడికిన ఎండుద్రాక్ష వాసన. మా వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే, మూసిన కారులో ఇంకెంతో చెప్పనక్కర్లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వచ్చేవాళ్ళ చేతనే తెప్పించుకోండి. ఇంట్లో ఫ్రిజ్ అడుగున కూరగాయల అరలో, అడ్డంగా పడుకోబెట్టి, కాగితం చుట్టి ఉంచండి. ఏళ్ళ తరబడి దాచడానికి ఫ్రిజ్ సరిపోదు. ఆరు నెలలకు పరవాలేదు. తాగడానికి అరగంట ముందు బయట పెడితే రుకేకు తగిన చల్లదనం మిగులుతుంది.

ఎంత వెతికినా దొరకకపోతే

అదే కుటుంబపు రుచికి వెళ్ళండి. గులాబీ వాసన వెతుక్కునేవాళ్ళకు లాక్రిమా ది మొర్రో దాల్బా దగ్గరి చుట్టం. టస్కనీ రుచి వెతుక్కునేవాళ్ళు మన మహారాష్ట్రలోనే, సోలాపూర్ జిల్లా అక్లుజ్‌లో ఫ్రాతెల్లి అనే సంస్థ పండిస్తున్న సాంజోవేసేను ఒకసారి చూడండి. ఇటలీ వైన్ నిపుణుడు పియెరో మాసీ చేతి మీద మొదలైన తోట అది. ఇటలీలోది అదే అని నేను అనను. మన ఎండలో పండిన ద్రాక్షకు తనదైన బరువు ఉంటుంది.

మ్యూనిక్‌లో ఉండే మా చెల్లెలి కొడుకు సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు సీసాలు తెచ్చాడు. సావజీ కోడికూరతో మాత్రం తాగకండి, అంత కారంలో ఏ వైన్ వాసనా నిలవదు. మేము జొన్నరొట్టె, నువ్వులు వేసిన వంకాయ కూరతో ఒకటి తెరిచాం. మా ఆవిడ మళ్ళీ గ్లాసు వాసన చూసి, ఏమీ అనకుండా తలూపింది.

ఖాళీ సీసాను గోరువెచ్చని నీళ్ళలో గంటసేపు నానబెడితే రెండు లేబుళ్ళూ ఊడి వస్తాయి. ఆరబెట్టి ఒక నోటుపుస్తకంలో అంటించండి. పక్కన తయారీదారు ఈ-మెయిల్, ఎవరు తెచ్చారు, ఏ తేదీన తెరిచారు రాసి పెట్టండి. రెండో సీసా మా ఫ్రిజ్ కూరగాయల అరలో, కొత్తిమీర కట్ట కింద ఉంది. ఏప్రిల్ రాకముందే తెరవాలి.